సైలాబ్

మా గల్లీలో ఈ ఎనిమిదేళ్లలో దుల్హా అయిన ప్రతి పిలగాడి షాదీ ఆల్బమ్‌లో ఒక ఫొటో తప్పకుండా ఉంటుంది. వెండి రంగు కారు, పైకప్పు లేదు, ఎర్ర తోలు సీట్లు, సెహ్రా కట్టుకున్న పిలగాడు, పక్కన స్టీరింగ్ పట్టుకుని మా అబ్బా. ఫంక్షన్ హాల్ మారుతుంది, షేర్వానీ రంగు మారుతుంది, అబ్బా మాత్రం ఎప్పుడూ అదే తెల్ల కుర్తాలో కెమెరా వైపు చూడకుండా ముందున్న బ్యాండువాళ్లనే చూస్తుంటాడు. బారాత్‌లో బండి క్లచ్ మీద కాదు, బ్రేకు మీద కాదు, సబర్ మీద నడుస్తుందని అనేవాడు. అది ఆటోమేటిక్ గేర్ బండి, క్లచ్ లేనే లేదు. అయినా అట్లనే అనేవాడు.

ఆ కారుని 2023 ఫిబ్రవరిలో నేను అమ్మేసిన. ఆ సంగతే ఇది.

బోయిగూడ తెలియనివాళ్ల కోసం ఒక మాట. సికింద్రాబాద్ స్టేషన్‌లో పదో నంబర్ ప్లాట్‌ఫాం నుంచి బయటికొస్తే మా వైపే వస్తారు. కట్టె డిపోలు, సామిల్లులు, పాత ఇనుము, పాత అట్టల గోదాములు. బోయీలంటే పల్లకీ మోసేవాళ్లు. ఆ పేరే మా బస్తీకి మిగిలింది. పల్లకీ మీద దుల్హన్‌ని మోసినవాళ్ల గడ్డ మీద మా అబ్బా దుల్హాలని మోసిండు, అంతే ఫరక్.

అబ్బా బండ్ల మెకానిక్. మొదట అంబాసిడర్లు, ఫియట్లు, తర్వాత ఏ బండి వస్తే అది. చదువు ఉర్దూలోనే, అది కూడా నాలుగో జమాత్ దాకా. మారేడుపల్లిలో ఒక పెద్దమనిషి బండ్లన్నీ అబ్బానే చూసేవాడు. వాళ్ల దగ్గర 2009లో రిజిస్టర్ అయిన మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కె ఉండేది. రెండే సీట్లు. ఒక మీట నొక్కితే ఇనుప పైకప్పు రెండుగా విరిగి, వెనక్కి మడుచుకుని, డిక్కీలోకి దిగి పడుకుంటుంది. మొత్తం 22 సెకన్లు. అబ్బా చేతి గడియారం పెట్టి లెక్క చూసేవాడు. ఆ సార్ 2014లో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తూ ఆ బండిని అబ్బాకి నాలుగు లక్షలకి ఇచ్చిండు, అది కూడా కిస్తుల్లో. ఒక్కటే షరతు: ముక్కలు చేసి పార్టులు అమ్మొద్దు.

బెంజి కారు కొన్న మెకానిక్‌ని చూసి మొహల్లా మొత్తం నవ్వింది. అమ్మీ నవ్వలేదు, ఏడ్చింది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలం, సౌదీలో కొత్తగా చేరిన భాయ్, రేకుల షెడ్డు, అందులో బెంజి. నాకు కూడా అప్పుడు షరం అనిపించింది, ఝూట్ ఎందుకు చెప్పాలి. స్కూల్లో తోటి టీచర్లు మీ నాన్నగారు ఏం చేస్తారంటే మెకానిక్ అని చెప్పడానికి ఎప్పుడూ షరం అనిపించలేదు. మీకు కారుందా అంటే మాత్రం నోరు పెగిలేది కాదు.

కానీ ఆ బండిని ఆయన చూసుకున్న తీరు! ఇట్లాంటి బండికి ప్రాణం పైకప్పు చుట్టూ ఉండే రబ్బరు పట్టీల్లో ఉంటుంది. అవి ఎండిపోయి పగుళ్లిచ్చాయంటే వాన నీళ్లు లోపలికే. నెలకోసారి తడిగుడ్డతో తుడిచి, ఆరాక, గ్రీజు వేలికొసకు తీసుకుని సుర్మా పెట్టినట్టు రాసేవాడు. నీళ్లు బయటికి పోయే సన్న కాల్వల్లో వేపాకులు చిక్కుకుంటే మెత్తటి నైలాన్ తీగతో తీసేవాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో పైకప్పు తెరవనిచ్చేవాడు కాదు, తోలు పగులుతుందని. జుమ్మా రోజు ఫజర్ నమాజ్ అయ్యాక కవాడిగూడ మీదుగా ట్యాంక్‌బండ్ దాకా ఒక చక్కర్, మళ్లీ షెడ్డుకి. బండి నిలబడితే మనిషి లాగే కీళ్లు పట్టేస్తయ్ బేటా అనేవాడు. సీటు పైన తలగడ దగ్గర నుంచి మెడకి వేడిగాలి వచ్చే ఏర్పాటు ఒకటి ఉంది అందులో, చలి దేశాలవాళ్ల కోసం. సికింద్రాబాద్‌లో మెడకి వేడిగాలి ఎవరిక్కావాలి? అయినా అది పని చేస్తోందో లేదో మూడు నెలలకోసారి చూసేవాడు, మే నెలలో కూడా.

ఇనుప పైకప్పు మడిచే ఆలోచన జర్మనీది కాదట. 1930లలోనే ఫ్రాన్స్‌లో ప్యూజో కంపెనీ అట్లాంటి బండి చేసింది, దాన్ని ఊహించినాయన ఒక పళ్ల డాక్టర్. ఇది చెప్తే అబ్బా చాలా ఖుష్ అయిండు. దవడ తెరిచి మూసే పనే కదా అన్నడు. ఒకసారి చౌమహల్లా ప్యాలెస్‌కి తీసుకెళ్లి నిజాం వాళ్ల 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్ చూపించినం. అందరూ వెండి పనినీ, సింహాసనం లాంటి సీటునీ చూస్తుంటే ఈయన వంగి కిందికి చూస్తున్నడు, నూనె ఏమైనా కారుతోందా అని.

బారాత్‌లకి పైసలు తీసుకునేవాడు కాదు. ప్రైవేట్ నంబర్ బండిని కిరాయికి తిప్పకూడదని ఖానూన్ ఎట్లాగూ ఉంది. అదొక్కటే కారణం కాదు. ఆటో నడిపే పిలగాడు, సామిల్లులో కట్టెలు మోసే పిలగాడు జిందగీలో ఒక్కరోజు బెంజిలో కూర్చుంటే ఏం పోతుంది అనేవాడు. పెట్రోల్ పోసుకుంటే చాలు.

ఇక ఖాతా బుక్కు సంగతి. బండికి ఏ పని చేసినా రాసి పెట్టాలని అబ్బాకి పట్టు. తన ఉర్దూ రాత తనకే తర్వాత అర్థమయ్యేది కాదు. అందుకని నేను రాసేదాన్ని. నేను తెలుగు టీచర్ని. ఆయన చెప్పేది ఉర్దూ, నేను రాసేది తెలుగు లిపి. "టైరాఁ బదలే." "తేల్ బదలే, ఫిల్టర్ నయా." "రబ్బర్ పట్టీ కో చిక్‌నాయీ." తెలుగు అక్షరాల్లో మా దక్కనీ మాట. పొడుగు నోటుబుక్కు, నడుమ రెండు పిన్నులు. ఒక్కో ఎంట్రీ కింద ఆయన ఉర్దూలో చిన్న దస్తఖత్.

2020 అక్టోబర్ 13 రాత్రి మీకందరికీ యాదుంటుంది. హైదరాబాద్ మునిగిన రాత్రి. మా షెడ్డులోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. ఇంటి లోపలి బియ్యం డబ్బాలు పైకి పెట్టుకుంటున్నం మేము. అబ్బా టార్చి పట్టుకుని షెడ్డుకి ఉరికిండు. చేసిన మంచి పని ఏంటంటే తాళంచెవి తిప్పలేదు. నీళ్లలో ఉన్న ఇంజన్‌ని స్టార్ట్ చేస్తే లోపలికి నీళ్లు లాగి ఇంజనే విరిగిపోతుంది. బ్యాటరీ తీగ పీకి, తెల్లారి నలుగురు పిలగాళ్లతో నెట్టించి ఎత్తు మీదికి తెచ్చిండు. సీట్లు, కార్పెట్లు ఊడదీసి మా మిద్దె మీద తొమ్మిది రోజులు ఆరేసిండు. ఆ తొమ్మిది రోజులు మేము బట్టలు గదిలోనే ఆరేసుకున్నం. ఇంజన్ బచాయించింది. డిక్కీ లోపల పైకప్పుని మడిచే హైడ్రాలిక్ పంపు మోటారు మాత్రం పోయింది. ఢిల్లీ మాయాపురి నుంచి పాత పంపు తెప్పించి వేసిండు. అప్పటి నుంచి పైకప్పు 22 సెకన్లలో రాదు, 27, 28. వానాకాలం తేమకి ఒక్కోసారి నడుమలోనే ఆగిపోయి, చేతులెత్తిన మనిషి లాగ నిలబడుతుంది. ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ ఒక్కటే, కాబట్టి క్లెయిమ్ లేదు. అంటే ఆ ముంపు లెక్క ఏ కంప్యూటర్లోనూ లేదు. ఉన్నది ఒక్క చోటే, నా రాతలో.

2022 మార్చి 23 తెల్లవారుజామున మా బోయిగూడలో పాత సామాన్ల గోదాం కాలిపోయింది. లోపల పడుకున్న 11 మంది బిహారీ పిలగాళ్లు పోయారు. పేపర్లలో చదివినోళ్లకి అది ఖబర్. మాకు పొగ. అబ్బా ఆ రోజు అన్నం ముట్టలేదు. వాళ్లలో కొందరు టీ కొట్టు దగ్గర రోజూ సలాం చెప్పినవాళ్లే అన్నడు. ఆ తర్వాత వచ్చిన రంజాన్‌లోనే, పదిహేడో రోజా నాడు, ఇఫ్తార్‌కి ముందు అబ్బా గుండె ఆగింది.

చెహెల్లుం దాకా ఎవరూ కారు మాట ఎత్తలేదు. ఆ తర్వాత ఖర్జా లెక్క బయటికొచ్చింది. ఆపా షాదీకి, అమ్మీ ఆపరేషన్‌కి చేసిన చేబదుళ్లు అన్నీ కలిపి ఏడు లక్షలు. మయ్యత్ వదిలిన సొత్తులో నుంచి ముందు ఖర్జా తీర్చాలి, తర్వాతే వారిసుల హిస్సాలు. సొత్తు అంటే ఏముంది? పానాలు, జాకీలు, ఆ బండి.

ఆర్‌సి అబ్బా పేరు మీద ఉంది. మనిషి పోతే మూడు నెలల లోపల ఫారం 31 పెట్టి వారిసు పేరు మీదికి మార్చుకోవాలి. ఇది మన ఇళ్లల్లో చాలామందికి తెల్వదు. బండి అట్లనే తిప్పుతుంటారు. అమ్మీ ఇద్దత్‌లో ఉంది, గడప దాటదు. భాయ్ దమ్మామ్‌లో. ఆపాకి చంటిపిల్ల. కాబట్టి మిగతా అందరూ అభ్యంతరం లేదని అఫిడవిట్లు రాసిచ్చి నా పేరు మీద పెట్టించారు. తిరుమలగిరి ఆర్టీఏ ఆఫీసుకి మూడుసార్లు తిరిగి పని చేయించుకున్న. కార్డు మీద నా పేరు చూసుకుని ఒక్క నిమిషం నవ్వొచ్చింది. జిందగీలో సైకిల్ కూడా నా పేరు మీద లేదు.

బేరం దూలేభాయ్ చూసుకుంటానన్నడు. ఆడవాళ్లు బండి అమ్మితే గాహక్ ఇజ్జత్ ఇవ్వడని ఆయన ఖయాల్. పదిమంది వచ్చి చూశారు. ఒకాయన పైకప్పు తెరిచి సెల్ఫీ దిగి వెళ్లిపోయిండు. ఒక డీలర్ ఆరు లక్షలన్నడు. ఇంకొకాయన పార్టుల కోసం అడిగిండు. మారేడుపల్లి సార్ షరతు యాదికొచ్చి నేనే తలుపేసిన. ఆఖరికి గుంటూరు దిక్కు నుంచి వచ్చి కొండాపూర్‌లో ఐటీ కొలువు చేసే ఆయన దొరికిండు. నలభై ఏళ్లుంటాయి. బండి చుట్టూ తిరగలేదు, ముందు కింద పడుకుని చూసిండు. అప్పుడే నాకు ఈయన కొంటాడనిపించింది. పదిహేను లక్షల దగ్గర మాట కుదిరేట్టుంది. 2024 ఆగస్టుకి పదిహేనేళ్లు నిండుతాయి, అప్పుడు గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ రెన్యూ చేయించుకోవాలి. అది కూడా ఆయనే లెక్కేసుకుని చెప్పిండు. వచ్చే ఆదివారం బయానా తెస్తానన్నడు. వెళ్తూ వెళ్తూ, "సర్వీసు రికార్డు ఏమైనా ఉందా అండీ?" అని అడిగిండు. "ఉంది సార్, మొత్తం బుక్కే ఉంది" అన్న నేను, గర్వంగా.

ఆ రాత్రి దూలేభాయ్ బుక్కు తిరగేసి ఆ పేజీ దగ్గర ఆగిండు. ఆయన ఖమ్మంలో చదివిండు, తెలుగు చదువుతాడు, ఉర్దూ ఎట్లాగూ వస్తుంది. ఆ బుక్కు పూర్తిగా అర్థమయ్యేది మా బోటి వాళ్లకే కదా.

"ఈ కాగితం చింపెయ్యి."

"అబ్బా దస్తఖత్ ఉంది దాని మీద."

"దస్తఖత్ లేనియి ఇంకా ముప్పై ఉన్నయ్, అవి చూపిద్దాం. నేనేం ఝూట్ చెప్పమంటలే. అడక్కపోతే చెప్పకు, అంతే."

వర్షానికి తడిసిన ధాన్యం కుప్ప సంగతి మనందరికీ తెలిసిందే. జుమ్మా బయాన్‌లలో ఎన్నిసార్లు విన్నం. బజార్లో ధాన్యం కుప్పలోకి ప్రవక్త చెయ్యి పెడితే లోపల వేళ్లకి తడి తగలడం, వాన పడిందని అమ్మేవాడు చెప్పడం, మరి తడిది జనానికి కనపడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడగడం. నేను అదే అన్న. దూలేభాయ్ నవ్విండు. "అది ధాన్యం. ఇది బెంజి. ధాన్యం మూడు రోజుల్లో మొలకొస్తది. ఇది రెండేళ్ల నుంచి నడుస్తనే ఉంది." ఆయన చెడ్డ మనిషి కాదు. ఇంటి కిరాయి, ఇద్దరు పిల్లల ఫీజులు, ఆపా హిస్సా మీద ఆశ. అమ్మీ వైపు చూసిన. అమ్మీ తస్బీ తిప్పుతూ, "వాళ్లేమైనా చిన్నపిల్లలా, చూసుకునే కొంటరు" అంది. అమ్మీ అట్లా అంటుందనుకోలేదు. ఏడు లక్షల ఖర్జా నెత్తిన పెట్టుకుని పది నెలల నుంచి నిద్రపోని మనిషి ఆమె.

నేను కూడా ఆ పేజీ చింపడానికి చూసిన. దాచడమెందుకు. అందరూ పడుకున్నాక బుక్కు తీసి ఆ కాగితాన్ని వేలితో పట్టుకున్న. పిన్ను కొట్టిన బుక్కులో ఒక కాగితం లాగితే దాని జోడు కూడా ఊడి వస్తుంది. జోడు కాగితం ఎటుందా అని చూస్తే అది 2022 మార్చి పేజీ. "రబ్బర్ పట్టీ కో చిక్‌నాయీ." కింద అబ్బా ఆఖరి దస్తఖత్. చింపలేదు. అది ఈమాన్‌దారీ కాదు, ఆ కాగితం మీది ప్రేమ. బుక్కు మూసేసి, రేపు ఆయన అడిగితే చూద్దాంలే అనుకుని పడుకున్న.

ఆదివారం ఆయన వచ్చిండు, చేతిలో లక్ష రూపాయల కవరు. నేను బుక్కు ఆయన చేతిలో పెట్టి చాయ్ పెట్టడానికి లోపలికెళ్లిన. నిజం చెప్పే ధైర్యం లేక బుక్కుకి వదిలేసిన. చాయ్ తెచ్చేసరికి ఆయన అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదువుతున్నడు, చాలా ముచ్చటపడుతూ.

"ఎంత నీట్‌గా రాశారండీ. తెలుగులో సర్వీసు బుక్కు నేనెక్కడా చూళ్లేదు. టైరాలు బదలే అంటే టైర్లు మార్చారని. బాగుంది. ఇదిగో, ఇది చూడండి. సాయి ల్యాబ్, అక్టోబర్ 13, 14. సీట్లూ కార్పెట్లూ పూర్తిగా తీశారు, పంపు మార్చారు. ఈ సాయి ల్యాబ్ ఎక్కడుందండీ? ఇంత పెద్ద పని చేసేవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారా?"

నేను రాసింది "సైలాబ్".

మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆయనకి కాలేదు. సైలాబ్ అంటే వరద అని ఆయనకి ఎవరు చెప్పాలి? దూలేభాయ్ మొహం వెలిగింది. "అవును సార్, ఉండేది సార్, ఇప్పుడు మూసేసిండ్రు" అన్నడు టకామని. నా చేతిలో ట్రే. పరదా అవతల అమ్మీ తస్బీ చప్పుడు ఆగింది. నేను నోరు విప్పకపోతే చాలు. నేను అబద్ధం చెప్పలేదు, నా రాత కూడా అబద్ధం చెప్పలేదు. ఆయనే తప్పు చదువుకున్నడు. పదిహేనేళ్ల నుంచి పిల్లలు తప్పు చదివితే దిద్దడమే నా నౌకరీ. ఆ అలవాటే నోట్లో నుంచి వచ్చేసిందేమో.

"సాయి ల్యాబ్ కాదు సార్. సైలాబ్. వరద. 2020లో బండి మునిగింది."

ఆయన గ్లాసు కింద పెట్టిండు. దూలేభాయ్ లేచి బయటికెళ్లి సిగరెట్ ముట్టించిండు. నేను మొత్తం చెప్పిన. మోకాలి లోతు నీళ్లు, తాళంచెవి తిప్పకపోవడం, తొమ్మిది రోజుల మిద్దె, మాయాపురి పంపు, 28 సెకన్లు, వానాకాలం. ఆయన కవరు జేబులో పెట్టుకుని, "ఆలోచించుకుంటానండీ" అని వెళ్లిపోయిండు.

అయిదు రోజులు ఫోన్ లేదు. ఇంట్లో కూడా ఎవరూ నాతో సరిగా మాట్లాడలేదు. ఆరో రోజు ఒక మెకానిక్‌ని వెంటేసుకుని వచ్చిండు. ఆ మెకానిక్ మూడు గంటలు కూర్చుండు, కార్పెట్లు లేపి, వైర్ల జోళ్లు విప్పి తుప్పు చూసిండు. అంతా చూశాక, "ఎవరు చేసిండ్రు ఈ పని? ఉస్తాద్ చెయ్యి" అన్నడు. అదొక్క మాట కోసం నేను లక్ష తగ్గించేదాన్ని. నసీబ్ బాగుండి ఆ మాట నేను పైకి అనలేదు. బేరం 12 లక్షల 75 వేల దగ్గర తెగింది.

లెక్క చెప్తా. ఖర్జా ఏడు లక్షలు పోగా మిగిలింది 5,75,000. అమ్మీకి ఎనిమిదో వంతు, 71,875. మిగిలిన దాంట్లో భాయ్‌కి రెండు పాళ్లు, ఆపాకి ఒకటి, నాకు ఒకటి. మా అక్కాచెల్లెళ్లకి తలా 1,25,781 రూపాయలు, పైన పావలా. అదే పదిహేను లక్షలైతే తలా 1,75,000. అంటే ఆపా హిస్సాలో దగ్గరదగ్గర 50 వేలు నా నోటి వల్ల పోయింది. ఇది నేను మర్చిపోలేదు. నా హిస్సాలో నుంచి ఇస్తానంటే ఆపా తీసుకోలేదు. దూలేభాయ్ ఈద్ దాకా మా ఇంటికి రాలేదు. ఈద్ నాడు వచ్చి షీర్‌ఖుర్మా రెండు గిన్నెలు తాగిండు కానీ కారు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా ఉన్న. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టిచ్చి ఊరుకోలేదు, ఆయన పేరు మీద ఆర్‌సి వచ్చేదాకా వెంటపడ్డ. బండి అమ్మేసినా కార్డు మీద పేరు మారకపోతే, యాక్సిడెంట్ అయితే జిమ్మేదారీ పాత ఓనర్‌దేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. దోస్తానాలో, మొహమాటంలో ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి ఇచ్చే మన మామూలకీ చిచ్చాలకీ ఈ ముక్క చెప్పండి.

బండి తీసుకెళ్లే రోజు గల్లీ పిలగాళ్లంతా వచ్చారు. ఏప్రిల్‌లో షాదీ ఉన్న ఒకడు మొహం మాడ్చుకుని నిలబడ్డడు. ఆయన అది గమనించి సంగతేందని అడిగి, తేదీ ఫోన్‌లో రాసుకున్నడు. ఆ తేదీకి నిజంగానే కొండాపూర్ నుంచి బండి తీసుకుని వచ్చిండు. అబ్బా కూర్చునే సీట్లో గుంటూరు సారు, పక్కన సెహ్రాలో మా గల్లీ పిలగాడు. ఆయన కెమెరా వైపే చూసి నవ్విండు, ఫొటో చాలా బాగా వచ్చింది.

బుక్కు కూడా అడిగిండు ఆయన. ఇవ్వబుద్ధి కాలేదు. కానీ బండితో పాటు పోవాల్సిందే అది. అన్ని పేజీలూ జిరాక్స్ తీయించుకున్న. ఇచ్చే ముందు ఆఖరి పేజీలో ఒక చిన్న పట్టిక రాసి పెట్టిన, పరీక్షల ముందు పిల్లలకి రాసిచ్చినట్టు. చిక్‌నాయీ అంటే గ్రీజు. తేల్ అంటే నూనె. ఛత్ అంటే పైకప్పు. సుస్త్ అంటే నెమ్మది. సైలాబ్ అంటే వరద.

జూలైలో ఒక సాయంత్రం ఫోనొచ్చింది. వెనక వాన చప్పుడు, హారన్లు.

"మేడమ్, ఛత్ సుస్త్."

"ఎక్కడున్నరు సార్?"

"గచ్చిబౌలి ఫ్లైఓవర్ కింద. సగంలో ఆగిపోయింది. తడుస్తున్నా."

"డిక్కీలో సామాన్ల మీద ఒక పరదా ఉంటది చూడండి, లాగి కొక్కేనికి పెట్టేది. అది తేమకి సరిగా పట్టదు. దాన్ని తీసి, తుడిచి, మళ్లీ గట్టిగా పెట్టండి. పెట్టినాక మీట నొక్కి పట్టుకోండి, వదలొద్దు. 28 దాకా లెక్కపెట్టండి."

ఆయన ఫోన్ పెట్టెయ్యకుండానే లెక్కపెట్టడం మొదలుపెట్టిండు. నేను ఇవతల వంటింట్లో స్టవ్ కట్టేసి నిలబడ్డ. ఇరవై రెండు దగ్గర ఇద్దరం కొంచెం ఆగినం.